మంచుదీవులలో చలికాలపు వాన

వాన యనగానే మన దేశపు స్త్రీల మనస్సు చల్లబడును. ఏరువాక, విత్తనము, చెరువులు నిండుట, పశువులకు పచ్చిక, ఇవి యన్నియు వానతో ముడిపడిన మాటలే. కాని వాన కురిసిన పిమ్మట మేత దొరకక మృగములు మాడి చచ్చు దేశ మొకటి కలదు. ఆ వాన పడునది వేసవిలో గాదు. నడి చలికాలమున, సూర్యుడు నెలల తరబడి ముఖము చూపని చీకటిలో. ఉత్తరధ్రువమునకు దగ్గరగా నున్న స్వాల్‌బార్డు దీవులే ఆ దేశము. ఆ దీవులను గూర్చియు, అచటి మొక్కలకును జంతువులకును ఇటీవల గలిగిన మార్పులను గూర్చియు సోదరీమణులకు గొంత తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నార్వే దేశమునకు ఉత్తరముగా, 74 మొదలు 81 అక్షాంశముల నడుమ నీ దీవులున్నవి. నార్వే యుత్తరపు కొనయందలి ట్రామ్సో పట్టణమున విమాన మెక్కినచో రెండు గంటల లోపల లాంగ్‌ఇయర్‌బయెన్ అను ముఖ్యగ్రామము చేరవచ్చును. అది 78వ అక్షాంశముపై నున్నది. జనులు సుమారు 2,500 మంది. 1596లో విల్లెం బారెంట్స్ అను డచ్చి నావికుడు కొనదేలిన కొండలను జూచి పెద్ద దీవికి స్పిట్స్‌బెర్గెన్ అని పేరిడెను. వాడి కొండలని దానికర్థము. 1920లో పారిస్ నగరమున జరిగిన యొడంబడిక ననుసరించి దీవులపై నధికారము నార్వేకు సంక్రమించినది. ఆ యొడంబడికలో జేరిన దేశముల పట్టికలో, అప్పుడు బ్రిటిషువారి యేలుబడిలో నుండిన మన భారతదేశపు పేరును గలదు. ఈ సంగతి మనలో జాలమంది యెరుగరు.

ఆ గ్రామపు కట్టుబాట్లు కొన్ని మనకు వింతగా దోచును. పిల్లిని పెంచుట అచట నిషిద్ధము. నేలపై గూళ్లు గట్టుకొను పక్షులను రక్షించుటకై యీ నియమము. ఊరి పొలిమేర దాటువారు తెల్ల ఎలుగుబంట్లను బెదరగొట్టు సాధనములు లేక కదలరాదు. పెక్కుమంది తుపాకి భుజమున వేసికొనియే వెడలుదురు. ఆసుపత్రి చిన్నది, పురుళ్లకు దగిన వసతులు లేవు. కావున గర్భిణులు నెలలు నిండుటకు గొన్ని వారములు ముందుగనే నార్వేకు ప్రయాణము గట్టవలెను. ఏప్రిలు మూడవ వారము మొదలు ఆగస్టు మూడవ వారము దాటువరకు సూర్యుడస్తమింపడు. అక్టోబరు చివరినుండి ఫిబ్రవరి నడుమ వరకు ఉదయింపడు. చుక్క పొడిచినదా లేదా యని చూచి ఉపవాసము విడుచు మన యిల్లాండ్రు అచట కాపురముండినచో నేమి చేయుదురో తెలియదు!

మొక్కల సంగతి మొదట చెప్పెదను. చెట్టు అనదగినది యచట నొక్కటియు లేదు. దీవులలో నూటికి సుమారు 60 వంతులు హిమానీనదములచే గప్పబడి యున్నవి. మిగిలిన నేల లోలోపల నెన్నడును గరుగని గడ్డ. వేసవిలో బైపొర మాత్రము కొంచెము కరగును. ఆ పొరలోనే వేరు పారవలెను, పూవు పూయవలెను, గింజ పండవలెను. అయినను ఆ రెండు మూడు నెలలలోనే సుమారు 180 జాతుల మొక్కలు తమ సంసారమును ముగించుకొనుచున్నవి. అందు ధ్రువపు విల్లో అనునది మన చీలమండ యెత్తైనను పెరుగదు. కొమ్మలను పాచిలో దాచుకొని ఆకులను మాత్రము పైకి జూపును. మంచు కరుగుట తడవుగా ఊదారంగు సాక్సిఫ్రేజి పూలు రాళ్ల సందులనుండి తొంగిచూచును. ఎనిమిది రేకుల తెల్లని డ్రయాస్ పూవు గిన్నెవలె విచ్చుకొని సూర్యుని వెంట ముఖము ద్రిప్పుచుండును. ఆ గిన్నెలోని వెచ్చదనమునకు చిన్ని యీగలు వచ్చి కూర్చుండును.

ఈ మొక్కలను వెదకి పేర్లు వ్రాసి గ్రంథస్థము జేసినవారిలో నొక స్త్రీ ముఖ్యురాలు. హన్నా రెస్వోల్ హోల్మ్‌సెన్ అను నార్వే విదుషీమణి 1907లోను 1908లోను ఆ దీవులకు బోయి మొక్కలను సేకరించి, ఛాయాపటములు దీసి, 1927లో స్వాల్‌బార్డు వృక్షజాతులను గూర్చి గ్రంథము ప్రకటించెను. స్త్రీలు విశ్వవిద్యాలయములలో నడుగిడుటయే వింతగా నున్న కాలమున నామె గుడారములలో నివసించి యీ పని చేసినది. ఆనాటి పటములే నేటి పండితులకు, ఏ లోయ యెట్లుండెడిది, ఇప్పుడెట్లున్నదని పోల్చి చూచుకొనుటకు ఆధారమగుచున్నవి.

మంచు మొక్కలకు శత్రువని మనమనుకొందుము. అది పొరపాటు. పొడిమంచు దూదివంటిది, దాని పోగులలో గాలి నిలిచియుండును. చలికాలమున బైన ముప్పది డిగ్రీల చలి కొరుకుచున్నను ఆ దూదిదుప్పటి క్రింద మొక్క కొంత వెచ్చగా నిద్రించును. దాని పైన వాన పడినచో ఏమగునో యోచింపుడు. నీరు మంచు గుండ నేలవరకు దిగును. నేల గడ్డకట్టి యున్నది గనుక ఇంకుటకు దారి లేదు. మరల చలి రాగానే యా నీరంతయు గాజుపలకవలె బిగిసిపోవును. మొక్క ఆ గాజులో జిక్కుపడును. కాసియోపి అను గంటపూల పొద చలికాలమునను పచ్చగా నుండు జాతి. మంచుగడ్డలో బిగిసిన సంవత్సరము దాని రెమ్మలు ఎండి గోధుమవన్నె దిరుగును, పూలును తగ్గిపోవును. పరిశోధకులు బుద్ధిపూర్వకముగా నీరు పోసి గడ్డకట్టించి యీ సంగతిని నిరూపించిరి.

ఇక నీ మొక్కల నాధారముగా జేసికొని బ్రతుకు మృగము రెయిన్‌డీరు. అది దుప్పి జాతిది. ఇతర దేశముల రెయిన్‌డీర్లు వేలకొలది మందలుగా దిరుగును. స్వాల్‌బార్డు దుప్పి యట్లు గాదు. పొట్టికాళ్లు, గుండ్రని ముఖము, దట్టమైన బొచ్చు కలిగి, ఒంటరిగనో తల్లియు బిడ్డయు గనో మెల్లగా మేయుచుండును. తోడేళ్లు లేని చోటు గనుక పరుగెత్తవలసిన యవసరము దానికి లేదు. వేసవియంతయు తినుటయే దాని పని. శరత్కాలమునకు వీపున బెత్తెడు మందమున క్రొవ్వు పేరుకొనును. చలికాలమున ఆ క్రొవ్వును కొంచెము కొంచెముగా ఖర్చుపెట్టుచు, గిట్టలతో మంచు త్రవ్వి క్రిందనున్న పాచిని, ఎండుటాకులను ఏరుకొనుచు వసంతము వరకు నెట్టుకొని వచ్చును. గాదెలో ధాన్యము చూచుకొని కొలత వేసికొను గృహిణికిని దీనికిని భేదము లేదు. ఒకప్పుడు వేటగాండ్రచే నిర్మూలమగు స్థితికి వచ్చిన యీ జాతిని 1925లో చట్టముచే గాపాడిరి. ఇటీవల లెక్కించినప్పుడు సుమారు 22,000 ఉన్నట్లు తేలినది.

2012 జనవరి చివరను ఆ దీవులపై వెచ్చని గాలి వీచి వాన కురిసినది. న్యూ ఓలెసుండ్ అను పల్లెలో నొక్క దినముననే 98 మిల్లీమీటర్ల వాన పడెను. అది మన కోస్తాలో శ్రావణ భాద్రపదములలో నొక మంచి ముసురునకు సమానము. అక్కడ మాత్రము ఏడాది పొడుగునను గురియు మొత్తములో పెద్ద భాగము. తరువాత చలి వచ్చినది. కొండలోయలు, వీథులు, విమానాశ్రయము సైతము నున్నని గడ్డతో గప్పబడెను. దుప్పులు గిట్టలతో గీచినను ఆ గడ్డ పగులలేదు. మేత కన్నులకు దగ్గరగనే యున్నది, నోటికి మాత్రము రాదు.

ఇట్టి చలికాలములు పూర్వము అరుదుగా వచ్చెడివి, ఇప్పుడు తరచైనవి. 2019 వేసవిలో నార్వే ధ్రువ పరిశోధనాలయమువారు దుప్పులను లెక్కింప బోయి, ఆకలిచే జచ్చిన కళేబరములను సుమారు 200 వరకు గాంచిరి. నలువది యేండ్లనుండి లెక్కలు వేయుచున్న వారికిని అంతటి మరణము కనబడుట అరుదు. చావక మిగిలినవి చిక్కిపోవుచున్నవి. 1990 ప్రాంతముల బుట్టిన పెంటిదుప్పి పెరిగి పెద్దదైన పిదప సగటున 55 కిలోగ్రాములు తూగెడిది. 2010లో బుట్టినది 48 కిలోగ్రాములు మాత్రమే తూగినది. కడుపుతో నున్న తల్లికి చలికాలమున మేత లేకపోయినచో గర్భము నిలువదు, నిలిచినను పుట్టిన కూన బలహీనముగా నుండును. కొన్ని దుప్పులు సముద్రపు టొడ్డునకు దిగివచ్చి అలలు విసరివైచిన సముద్రపు నాచును తినుట మొదలిడినవి. ఉప్పుతో నిండిన యా నాచు వాటికి సరిపడు భోజనము గాదు; పూర్తిగా పస్తుండుటకన్న మేలని మాత్రము తినుచున్నవి. గొడ్డుకరవు నాళ్లలో మనవారు అడవి దుంపలు త్రవ్వుకొని తిన్నట్లు.

ఇంతమాత్రము విని యా జాతి నశించిపోవుచున్నదని పాఠికలు తొందరపడి తీర్మానింపరాదు. విషయ మంత సులభమైనది గాదు. చలికాలము వెచ్చబడుట వలన చెడు జరుగుచుండగా, వేసవియు శరత్తును వెచ్చబడి పొడుగగుట వలన మేలు గలుగుచున్నది. పచ్చిక యెక్కువగా మొలచును. మంచు ఆలస్యముగా బడుటచే దుప్పులు మరికొన్ని వారములు మేయును. ఆ క్రొవ్వు బలముతో గడ్డు చలికాలమును దాటగలుగును. దీవుల లోపలి లోయలలో దుప్పుల సంఖ్య పెరిగినది కూడ. సంఖ్య పెరిగి, చలికాలపు మేత తరిగినప్పుడు ఒక్కొక్కదాని వంతునకు తక్కువ వచ్చును. చిక్కిపోవుటకు నదియు నొక హేతువు. ఒక చేత నిచ్చి మరియొక చేత లాగికొనుచున్న యీ వాతావరణము చివరకేమి మిగుల్చునో ఇప్పుడే తూచి చెప్పుట కష్టము.

దుప్పి చచ్చిన యింట నక్కకు పండుగ. ధ్రువపు నక్క చలికాలమున కళేబరములను తిని బలియును, వసంతమున నెక్కువ కూనలను గనును. కాని మరుసటి చలికాలమునకు బలహీనమైన దుప్పులన్నియు ముందే పోయి యుండును గనుక కళేబరములు దొరకవు. టార్మిగన్ అను కౌజువంటి పక్షియు, మనుష్యుల వెంట ఓడలపై వచ్చి చేరిన చిట్టెలుకయు ఆ గడ్డచలిలోనే తగ్గిపోయి యుండును. అప్పుడు నక్కకు కరవు. దుప్పి, పక్షి, ఎలుక ఒక యేడు తగ్గుట, మరుసటి యేడు నక్క తగ్గుట, ఇట్లు వాన యొక్కటియే దీవిలోని నాలుగు జాతులను ఒక్క త్రాటితో నాడించుచున్నదని 2013లో పండితులు ప్రకటించిరి. వేటాడు జంతువుల వలన మేయు జంతువులు తగ్గునని మనము చదువుకొన్నాము. ఇచట రెండు వర్గములను తగ్గించునది వాతావరణమే.

ఇంత మార్పు అచటనే యేల? బొగ్గు, నూనెలు కాల్చుటచే బుట్టు బొగ్గుపులుసు వాయువు భూమి నంతటిని వేడి చేయుచున్నది గదా. 1979 మొదలు లెక్క చూచినచో ఆర్కిటిక్ ప్రదేశము భూమి సగటుకన్న నాలుగు రెట్లు వేగముగా వేడెక్కినది. స్వాల్‌బార్డు అంతకన్నను వేగము. ఎండలో తెల్లచీర కట్టుకొన్నప్పుడును నల్లచీర కట్టుకొన్నప్పుడును గల భేదము మన కెరుకయే. తెల్లని మంచు ఎండను తిప్పి కొట్టును. అది కరగగా బయటబడిన నల్లని సముద్రము ఎండను త్రాగును, వేడెక్కును, మరింత మంచును కరిగించును. దీనికి తోడు అట్లాంటిక్ సముద్రమునుండి వెచ్చని ప్రవాహ మొకటి దీవుల పడమటి యొడ్డును రాచుకొనుచు పోవుచున్నది. 2020 జూలై 25వ తేదీన లాంగ్‌ఇయర్‌బయెన్‌లో 21.7 డిగ్రీల వేడి నమోదైనది. అంతకు ముందు అంతటి వేడి అచట నెన్నడును కొలువబడలేదు. ఆ గ్రామము పుట్టినదే బొగ్గుగనుల వలన! అచటి బొగ్గు విద్యుత్కేంద్రమును 2023లో మూసిరి. ఆ గ్రామమునకు మిగిలిన కట్టకడపటి గనియు 2025లో మూతబడినది.

నేలను విడిచి సముద్రమువైపు చూతము. పడమటి యొడ్డున కొండల నడుమకు చొచ్చుకొని వచ్చిన సన్నని కడళ్లను ఫియోర్డులందురు. పూర్వమివి ప్రతి చలికాలమునను గడ్డకట్టెడివి. 2006 మొదలు పడమటి ఫియోర్డులలో సరియైన గడ్డ కట్టుట అరుదైనది. ఆ గడ్డయే సీలు అను సముద్రజంతువునకు పురిటిగది. గడ్డపై మంచు దట్టముగా బడినచో తల్లిసీలు అందులో గుహ తొలిచి, తెల్లని బొచ్చుగల కూనను గని దాచును. గడ్డ లేకపోయినను, గడ్డ యుండియు మంచు చాలకపోయినను కూన బయలునబడి, గద్దలవంటి పెద్ద సముద్రపక్షులకును నక్కలకును ఎలుగులకును సులభముగా చిక్కును.

తెల్ల ఎలుగు కథ తల్లులు వినదగినది. కడుపుతో నున్న యెలుగు శరత్కాలమున మంచుదిబ్బలో గుహ త్రవ్వుకొని లోపలికి బోవును. నడిచలిలో కూనలు పుట్టును. పుట్టినప్పుడు కూన బరువు సుమారు 600 గ్రాములు, కన్నులు తెరువదు. అంతటి మృగమునకు అంత చిన్న బిడ్డ! మార్చి ఏప్రిలు నెలలలో బయటికి వచ్చువరకు తల్లి ముద్ద ముట్టదు. తన క్రొవ్వును కరిగించి పాలుగా నిచ్చును. తూర్పుననున్న హోపెన్ అను సన్నని దీవి యిట్టి పురిటిదీవులలో నొకటి. దక్షిణమునకు దూరముగా నుండుటచే, శరత్కాలమున సముద్రము గడ్డకట్టి ఆ గడ్డ దీవివరకు వచ్చినగాని ఎలుగులు అచటికి చేరలేవు. గడ్డ ఆలస్యముగా వచ్చిన సంవత్సరములలో అచట గుహలు కనబడుట లేదని పరిశోధకులు కనుగొనిరి. పుట్టింటికి పోవలసిన వేళకు పడవ రాని కూతురు వలె ఆ తల్లి మరియొక చోటు వెదకుకొనవలెను.

సీళ్లు దొరకని వేసవిలో ఎలుగులు ఒడ్డున దిరుగుచు బాతుల గ్రుడ్లపై బడుచున్నవి. చిన్న దీవులపై గుంపులుగా గ్రుడ్లు పెట్టు బార్నకిల్ బాతుల గూళ్లను ఒక్క ఎలుగు కొన్ని దినములలో దాదాపు పూర్తిగా నూడ్చివేయగలదు. ఈ బాతులు చలికాలము గడుపుటకు స్కాట్లండు పొలములకు బోవును. 1948 ప్రాంతమున కొన్ని వందలకు దిగిన వాటిని అచటి జనులు వేట మాన్పి కాపాడగా పదివేల సంఖ్యలకు పెరిగినవి. పెంచినవారి కష్టమిట్లు ఎలుగు నోట బడుచున్నది. 2020 ఆగస్టులో నొక ఎలుగు దుప్పిని సముద్రములోనికి తరిమి ముంచి చంపుటను పరిశోధకులు చలనచిత్రముగా దీసిరి. ఇట్టి కొత్త తిండ్ల వలననో మరియే హేతువుననో, గడ్డ యింత తగ్గినను స్వాల్‌బార్డు ఎలుగుల దేహపుష్టి ఇంతవరకు తగ్గలేదని వాటిని పట్టి కొలిచిన పరిశోధకులు చెప్పుచున్నారు. ఎముకల గూడైన ఎలుగు బొమ్మను చూపి కన్నీరు పెట్టించుటకన్న ఈ సంగతి యథార్థముగా చెప్పుటయే మేలు. ఎలుగు తిండి మార్చుకొనగలదు. పురిటిగుహకు మంచును మాత్రము తెచ్చుకొనలేదు.

ఆ చీకటిచలిని అనుభవించి వ్రాసిన స్త్రీలును గలరు. క్రిస్టియానె రిట్టర్ అను ఆస్ట్రియా దేశపు గృహిణి 1934లో వేటకు బోయిన భర్తను వెంబడించి, స్పిట్స్‌బెర్గెన్ ఉత్తరపు టొడ్డున చిన్న గుడిసెలో ఏడాదికాలముండెను. తిరిగివచ్చి 1938లో ఆమె ప్రకటించిన పుస్తకము నేటికిని పెక్కుభాషలలో చదువబడుచున్నది. ఆ దినములలోనే వన్నీ వోల్‌స్టాడ్ అను నార్వే స్త్రీ హోర్న్‌సుండ్ ఫియోర్డున వేటాడుచు చలికాలములు గడపెను. ట్రామ్సోలో బాడుగకారు నడపిన తొలి స్త్రీయు ఆమెయే. 2019లో హిల్డె స్ట్రోమ్, సునీవా సోర్బీ అను నిరువురు స్త్రీలు వేటకై గాక శాస్త్రజ్ఞులకు వాతావరణ వివరములను సేకరించి పంపుటకై, బామ్సెబు అను పాతగుడిసెలో చలికాలము గడిపిరి.

సముద్రపు సంపదకు మూలము కంటికి కష్టముగా నానునంతటి చిన్న జీవులు. రొయ్యల దూరపు చుట్టములగు కోపెపాడులు చల్లని నీటిలో క్రొవ్వు నిండి నిగనిగలాడుచుండును. లిటిల్ ఆక్ అను గుప్పెడు పక్షి, బరువు 160 గ్రాములు, ఏటికొక్క గ్రుడ్డు మాత్రమే పెట్టి, ఆ యొక్క బిడ్డ కొరకు దినమంతయు మునుగుచు లేచుచు వీటిని బట్టును. దినమునకు సుమారు 60,000 కోపెపాడులు దానికి గావలెనని లెక్క వేసిరి. అట్లాంటిక్ నీరు వెచ్చగా వచ్చినప్పుడు దానితో చిన్నవి, క్రొవ్వు తక్కువైనవి వచ్చును. గింజ పట్టని తాలు వడ్లు దంచినట్లు, పక్షి శ్రమ పెరుగును, ఫలము తగ్గును. వెచ్చని నీటితో కాడ్ చేపలు ఉత్తరమునకు వచ్చినవి. 2013లో మాకరెల్ చేపలు ఫియోర్డులోనే కనబడినవి. వేయి సంవత్సరములుగా అచట లేని నీలిఆల్చిప్పలు 2004లో మరల కనబడినవి.

పక్షికొండల క్రింద వేసవిలో పచ్చదనము కన్నులపండువుగా నుండును. సముద్రమునుండి తెచ్చి తిన్న తిండి రెట్టయై కొండవాలున బడి, ఆ బీదనేలకు ఎరువగును. అచటి పాచి మెత్తని పరుపు; అచటనే బాతులును దుప్పులును మేయును. ఓడలపై కూరగాయలు లేక చిగుళ్లు వాచి రోగము తెచ్చుకొన్న పూర్వపు నావికులు ఆ చరియల క్రింద మొలచు స్కర్వీ ఆకును కోసి తిని నయము చేసికొనెడివారు. కాబట్టి సముద్రములో కోపెపాడు చిక్కిపోయిన మాట కొండమీది ఆకుకూరకును తెలియును.

మనుష్యులును ఈ మార్పునకు వెలిగా లేరు. 2015 డిసెంబరు 19న, క్రిస్మసు పండుగకు ముందు, కొండమీది మంచు విరిగి లాంగ్‌ఇయర్‌బయెన్ ఇండ్లపై బడినది. పదునొకండు ఇండ్లు నాశనమయ్యెను, ఇరువురు మరణించిరి. ఆ గ్రామము దాపుననే కొండను తొలిచి 2008లో ప్రపంచ విత్తన భాండాగారమును స్థాపించిరి. యుద్ధము వచ్చినను, కరవు వచ్చినను, ఏ దేశపు విత్తనము నశించినను మరల దెచ్చుకొనుటకై పదమూడు లక్షలకు పైగా విత్తనపు మాదిరులు మైనస్ 18 డిగ్రీల చలిలో అచట నుంచబడినవి. మన హైదరాబాదు చెంత పటాన్‌చెరువు నందలి ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనములును అందున్నవి. యంత్రములు చెడిపోయినను కొండ తానుగా గడ్డకట్టి యుండునని ఆ చోటు నేర్పరచిరి. 2016 అక్టోబరులో వానయు కరుగునీరును సొరంగపు మొగములోనికి వచ్చి గడ్డకట్టినవి. విత్తనములకు హాని కలుగలేదు. ఆ పిమ్మట ప్రవేశమార్గమును నీరు చొరకుండ తిరిగి కట్టిరి. పాతర వేసిన ధాన్యమునకు చెమ్మ తగులునేమోయని మన ముసలమ్మలు పడు బెంగ ఎట్టిదో వారును ఎరిగిరి.

పైన చెప్పిన న్యూ ఓలెసుండ్ ఒకప్పుడు బొగ్గుగనుల పల్లె. 1962లో గనిలో ప్రేలుడు సంభవించి 21 మంది చనిపోగా గనిని మూసిరి. ఆ దుర్ఘటన వలన పుట్టిన వివాదముచే మరుసటి యేట నార్వే మంత్రివర్గమే పడిపోయినది. ఇప్పుడా పల్లె అనేక దేశముల శాస్త్రజ్ఞుల ఆవాసము. మన దేశపు హిమాద్రి పరిశోధనాలయము 2008 జూలై 1న అచట తెరువబడినది. 2014లో మనవారు ఫియోర్డు లోతులలో నీటి వేడిమిని, ఉప్పును కొలుచు పరికరములను దింపిరి. 2023 డిసెంబరు మొదలు చలికాలమునను అచట నుండి పని చేయుచున్నారు. ఆర్కిటిక్ మంచునకును మన ఋతుపవనములకును గల సంబంధమును తెలిసికొనుట వారి యుద్దేశములలో నొకటి. వేసవిలో ఆ పల్లె వీథులలో టెర్న్ అను పక్షులు గూళ్లు పెట్టి, దారిన బోవువారి నెత్తిపై పొడుచును; అందుచే నచటివారు తలకన్న ఎత్తుగా కర్ర పట్టుకొని నడచుచుందురు. ఎవరి పిల్లలు వారికి ముద్దు గదా.

ఆ పల్లెకే 2025 ఫిబ్రవరిలో కొందరు పరిశోధకులు చలికాలపు మంచును పరీక్షించుటకై వచ్చిరి. పూర్వము ఫిబ్రవరిలో సగటు చలి మైనస్ 15 డిగ్రీల ప్రాంతమున నుండెడిది; ఆ నెల సగటు మైనస్ 3.3 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు సున్నకు పైన 4.7 డిగ్రీల వరకు నెక్కినది. వాన కురిసినది. మంచు కరగి నీరు మడుగులు గట్టినది. నాచుపచ్చని పాచి బయటబడినది. గడ్డకట్టిన నేలను త్రవ్వుటకు సిద్ధమై వచ్చిన వారు ఆ మట్టిని చెంచాతో తీసికొనిరి.